మావయ్య ఇచ్చిన పాత 500 మిర్రర్ లెన్స్: ఫోటోలన్నీ మసకగా వస్తున్నాయి, లోపం లెన్స్‌దా నాదా?

మిరపతోట, గుంటూరు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా మావయ్య తెనాలిలో ముప్ఫై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాడు. మొన్న సంక్రాంతికి వెళ్తే బీరువా అడుగు అరలోంచి ఒక నల్ల తోలు డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. టామ్రాన్ ఎస్పీ 500 ఎంఎం ఎఫ్/8 (వెలుతురు ఎంత వదులుతుందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ), 55బీబీ మోడల్, లోపల అద్దాలుండే మిర్రర్ లెన్స్. 500 అంటే మోచెయ్యంత పొడుగు ఉంటుందనుకునేవాణ్ణి, ఇది జానెడు కూడా లేదు, బరువు ఆరు వందల గ్రాములకి అటూ ఇటూ. ముందు నుంచి చూస్తే గాజు మధ్యలో నల్లటి బిళ్ల, దాని చుట్టూ లోతుగా అద్దం. "పెళ్లిళ్లతోనే సరిపోయిందిరా, దీన్ని పట్టుకుని ఒక్క రోజు కూడా చెరువు గట్టుకి పోలేకపోయాను, నువ్వైనా వాడు" అన్నాడు. ఆ మాట మనసులో పడిపోయింది.

నా దగ్గర ఉన్నది సోనీ ఏ6400 కెమెరా. లెన్స్‌కి నికాన్ కెమెరాకి బిగించే మౌంట్ ఉంది కాబట్టి ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకి ఒక అడాప్టర్ తెప్పించాను. మొదట్లో షట్టరే పడలేదు, మెనూలో "లెన్స్ లేకుండా షట్టర్ రిలీజ్" అన్నది ఆన్ చేస్తే పడింది. ఇక వరసగా మూడు ఆదివారాలు ఉప్పలపాడు వెళ్లాను. చెరువులో తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి, గట్టు మీద నుంచే దగ్గరగా కనిపిస్తాయి. మూడు వందల పైన ఫోటోలు తీశాను. ఒక్కటీ మావయ్యకి చూపించేలా లేదు.

ఏం జరుగుతోందంటే, కెమెరాలో ఫోకస్ పీకింగ్ (ఫోకస్ పడిన అంచులకి రంగు పూసి చూపించేది) పెడితే కొంగ అంతా ఎర్రగా మెరుస్తుంది, సరే పడిందనుకుని తీస్తాను, ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే కన్ను పిండి పిండిగా ఉంటుంది. ఫోటో మొత్తం పల్చటి మజ్జిగలో ముంచి తీసినట్టుంటుంది, నలుపు నలుపుగా ఉండదు. మధ్యలో ఒక తెల్లటి మచ్చలాంటి వెలుగు. వెనక ఉన్న కొమ్మలు ఒక్కోటి రెండేసి గీతలుగా, నీటి మీద మెరుపులు గారెల్లాగా, నడుమ చిల్లులతో. ఈ గారెలు మిర్రర్ లెన్స్ స్వభావమని చదివాను, మిగతావి కూడా స్వభావమేనా?

సెట్టింగులు: షట్టర్ 1/320 సెకను, సెన్సర్ సున్నితత్వం అంటే ఐఎస్ఓ 400 (ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తుందని పెంచలేదు), చేత్తో పట్టుకునే తీశాను. వెళ్లే టైము తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్య. ఇంకోటి, లెన్స్ వెనక బిగించే చిన్న ఫిల్టర్లు డబ్బాలో ఉండాలట, అవి లేవు, మావయ్యకి గుర్తు లేదు. అది లేకపోవడం వల్లనా? విప్పించి తుడిపించాలా? నిజంగా లెన్స్ పోయి ఉంటే పోయిందని చెప్పండి, బాధేం లేదు. బాగు పడేదైతే మాత్రం ఒక్క మంచి ఫోటో తీసి ఫ్రేమ్ కట్టించి మావయ్యకి ఇవ్వాలని ఉంది.

పాతగాజు, విజయవాడ:

తమ్ముడూ, ముందు లెన్స్ విప్పించే ఆలోచన మానెయ్యి. ఇందులో రెండు అద్దాలు ఎదురెదురుగా ఒకే గీత మీద నిలబడి ఉంటాయి, విప్పిన వాడు వెంట్రుకవాసి పక్కకి బిగించినా ఇక జన్మలో షార్ప్‌గా రాదు. నువ్వు రాసిన దాంట్లో లెన్స్ తప్పు అని తేల్చేది నాకేమీ కనపడలేదు. మిగతా అన్నీ కనపడ్డాయి.

నేను పదేళ్లుగా నికాన్ రిఫ్లెక్స్ 500 ఎఫ్/8 వాడుతున్నాను, నారింజ గీత ఉన్నది, మీటరున్నర దాకా దగ్గరికి ఫోకస్ అయ్యే మోడల్. నీదాని కంటే బరువు, 840 గ్రాములు, కానీ గుణం ఒకటే. మొదటి ఏడాది నాకూ నీలాంటి ఫోటోలే వచ్చాయి.

షట్టర్ దగ్గర మొదలుపెడదాం. ఏ6400 సెన్సర్ చిన్నది కాబట్టి నీకు కనిపించే దృశ్యం 750 ఎంఎం లెన్స్‌లో కనిపించేంత ఇరుకు. బాడీలో స్టెబిలైజేషన్ (వణుకు సర్దే ఏర్పాటు) లేదు, లెన్స్‌లో అసలే లేదు. చేత్తో పట్టుకుని 1/320 అంటే ఊగిపోయినట్టే. కనీసం 1/1000 ఉండాలి, అది కూడా మోచేతులు ఎక్కడైనా ఆనించి. ఈ లెన్స్ తేలిక కాబట్టి చేత్తో పట్టుకోవచ్చనిపిస్తుంది, నిజానికి తేలిక లెన్సే ఎక్కువ వణుకుతుంది, బరువైనది తన బరువుతో తాను కొంత నిలబడుతుంది. ట్రైపాడ్ పెట్టు, షట్టర్ తెర అదురు తగ్గించే ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ ఆన్‌లో ఉంచు, కదలని పక్షికైతే రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసెయ్యి.

మరి 1/1000కి వెలుతురు ఎలా అంటావు. ఇక్కడే ఐఎస్ఓ భయం వదలాలి. పేరుకి ఎఫ్/8 కానీ మధ్యలో నల్ల బిళ్ల కొంత వెలుతురు మింగేస్తుంది, రెండు అద్దాలూ కొంత మింగుతాయి, సెన్సర్ దాకా చేరేది ఎఫ్/10, ఎఫ్/11 అంత. నిండు ఎండలో ఐఎస్ఓ 800కి 1/1600 వస్తుంది. పొద్దున ఏడింటి వెలుగు దానికంటే రెండు మూడు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది), అంటే 1600, 3200 పెట్టాల్సిందే. పెట్టు. గ్రెయిన్‌ని ఇవాళ సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది, ఊగిన ఫోటోని ఎవరూ బాగుచెయ్యలేరు. అపర్చర్ తగ్గించే పని ఎలాగూ లేదు, ఈ లెన్స్‌లో బ్లేడులే ఉండవు కదా, కాబట్టి నీ చేతిలో ఉన్నవి షట్టర్, ఐఎస్ఓ రెండే.

ఫోకస్ పీకింగ్‌ని నమ్మకు. కాంట్రాస్ట్ ఎక్కడ కనిపిస్తే అక్కడ రంగు పూస్తుంది అది, ఫోకస్ సరిగ్గా పడిందో లేదో దానికి పట్టదు. 20 మీటర్ల దూరంలో నీకు పనికొచ్చే లోతు, అంటే ముందూ వెనకా స్పష్టంగా వచ్చే మేర, అర మీటరు, 10 మీటర్లకైతే 12, 13 సెంటీమీటర్లే. అది కూడా చిన్న ప్రింటు లెక్క, పెద్దది చేసి చూస్తే ఇంకా సన్నం. ముక్కు కొన మీద పడితే కన్ను పోతుంది. ఫోకస్ మాగ్నిఫయర్‌ని ఒక బటన్‌కి పెట్టుకో, కన్ను మీదికి తెచ్చి పెద్దది చేసి, రింగ్‌ని మెల్లగా దాటించి మళ్లీ వెనక్కి తెచ్చి, రెండు వైపులా మసక ఎక్కడ మొదలవుతుందో చూసి నడుమ ఆపు. నేనైతే ఆపిన తర్వాత కూడా బర్స్ట్‌లో ఏడెనిమిది తీస్తాను, తీస్తూ రింగ్‌ని వెంట్రుకంత కదుపుతాను. ఒకటి రెండు కచ్చితంగా పడతాయి.

మధ్యలో తెల్ల మచ్చ మాత్రం నీ అడాప్టర్ పని అని నా గట్టి అనుమానం. తీసి లోపల చూడు, గోడ నిగనిగలాడుతోందా? వెలుతురు దాని మీద పడి తిరిగి సెన్సర్ మీద పడుతుంది. స్టేషనరీ షాపులో నల్ల వెల్వెట్ పేపర్ దొరుకుతుంది, జిగురున్నది, దాన్ని పట్టీలా కత్తిరించి అడాప్టర్ లోపల చుట్టూ అతికించు. నూలుపోగులు రాలకుండా చూసుకో, సెన్సర్ మీద పడతాయి. ముందు వైపు హుడ్ లేకపోతే నల్ల చార్ట్ పేపర్‌తో గొట్టం చుట్టి పెట్టు, జానెడు పొడుగు చాలు. ఈ లెన్స్‌కి హుడ్ అలంకారం కాదు, పక్క నుంచి వచ్చే వెలుతురంతా తిన్నగా లోపలికి దూరుతుంది.

ఇక తొమ్మిదిన్నరకి చెరువు దగ్గరికి వెళ్లి 500తో తీస్తే దేవుడిచ్చిన లెన్స్ అయినా పిండి పిండిగానే వస్తుంది. నీటి మీద గాలి వేడెక్కి మరుగుతుంటుంది. మాగ్నిఫయర్‌లో చూస్తే కొంగ అంచులు నీళ్లలో నీడలా కదులుతూ కనపడతాయి, అది కనపడితే ఆ రోజుకి లెన్స్ సంచిలో పెట్టెయ్యాల్సిందే. ఆరున్నరకల్లా గట్టు మీద ఉండు.

కాలనీరోడ్, నెల్లూరు:

నా అభిప్రాయం వేరే. నేలపట్టులో, పులికాట్ దగ్గర చాలా ఏళ్లుగా తీస్తున్నాను, నేనూ ఒక మిర్రర్ లెన్స్ రెండేళ్లు వాడి అమ్మేశాను. కూర్చున్న పక్షి వరకు ఓకే. ఫ్లెమింగోలు గుంపుగా లేచినప్పుడు చేత్తో ఫోకస్ తిప్పుతూ కూర్చుంటే గుంపు వెళ్లిపోతుంది, ఏడాదికి ఒక్కసారి దొరికే క్షణం అది. పక్షుల మీద నిజంగా ఇష్టం కలిగితే 70-350 జూమ్ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోండి, లేదా డబ్బు కూడబెట్టి 200-600 కొనుక్కోండి. రెండోది రెండు కిలోల పైన బరువు, కానీ ఆటోఫోకస్ కంటిని పట్టుకుని వదలదు. మావయ్య గారి లెన్స్ మీద మమకారం అర్థమవుతుంది, దాచుకోండి. పని మాత్రం కొత్తదానితో చెయ్యండి.

తూనీగ, కాకినాడ:

కాలనీరోడ్ గారూ, ఎగిరే పక్షుల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ తమ్ముడి చేతిలో ఉన్నది 55బీబీ, దాని గొప్పతనం ఎవరూ చెప్పలేదు. అది 1.7 మీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంది, అంత దగ్గరికి వెళ్తే వస్తువు సెన్సర్ మీద మూడో వంతు సైజులో పడుతుంది. దాదాపు మాక్రో (చిన్నవాటిని అతి దగ్గరగా తీసే పద్ధతి) అన్నమాట, అదీ నిలబడ్డ చోటు నుంచి. నేను ఈ లెన్స్ కొన్నదే తూనీగల కోసం. మామూలు మాక్రో లెన్స్‌తో జానెడు దూరానికి వెళ్లేసరికి అవి ఎగిరిపోతాయి, దీంతో రెండు మీటర్ల అవతల నిలబడితే వాటికి మనం ఉన్నట్టే తెలియదు.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున పొలం గట్టు మీద కూర్చుని తీశాను. వరి కంకి మీద ఎర్ర తూనీగ, రెక్కల మీద మంచు ఇంకా ఆరలేదు. అంత దగ్గరలో ఫోకస్ లోతు అర సెంటీమీటరే, అందుకని తూనీగ ఒంటికి కెమెరా సమాంతరంగా ఉండేలా మోకాళ్ల మీద జరుగుతూ జరుగుతూ సర్దుకున్నాను. రెక్క మీద ఈనెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వెనక గడ్డి మీద మంచు బొట్లన్నీ ఉంగరాలయ్యాయి, నిండా, పెద్దవీ చిన్నవీ. ఆ ఫోటోని మా అమ్మ హాల్లో పెట్టించింది. ఉంగరాలంటే చాలామంది మొహం చిట్లిస్తారు, నాకు మాత్రం అవి ఆ పొద్దుటి మంచులో భాగంగానే అనిపిస్తాయి.

అసలు చెప్పాలనుకున్నది బ్యాక్‌గ్రౌండ్ గురించి. తమ్ముడూ, ఈ లెన్స్‌తో తీసేటప్పుడు పక్షిని వెతకడం కంటే ముందు పక్షి వెనక ఏముందో చూడాలి. తుమ్మ కొమ్మలు దగ్గరగా ఉంటే ప్రతి కొమ్మా రెండు గీతలవుతుంది, ముళ్లూ పుల్లలూ కలిసి బొమ్మంతా గీకినట్టు తయారవుతుంది, దానికి మందు లేదు. అదే కొంగ చెట్టు పైకొమ్మ మీద ఉండి వెనక ఆకాశమో, దూరంగా పచ్చటి పొలమో ఉంటే వెనకంతా పట్టులా మెత్తగా వస్తుంది. నాలుగడుగులు పక్కకి జరిగితే చాలాసార్లు వెనక దృశ్యం మారిపోతుంది. ఉప్పలపాడులో అన్ని పక్షులున్నాయి కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ ముందు ఎంచుకుని అక్కడ వాలే పక్షి కోసం కూర్చో. ఫోకస్ ముందే ఆ కొమ్మ మీద పెట్టి ఉంచుకో, కొంగలు గూటికి పుల్లలు తెచ్చుకుంటూ మళ్లీ మళ్లీ అక్కడికే వస్తాయి.

ఇంకా, సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి. ఎదురు ఎండలో ఈ లెన్స్ పాలిపోతుంది.

చుక్కలదారి, హైదరాబాద్:

నేను పక్షుల వాణ్ణి కాదు, టెలిస్కోపుల వాణ్ణి, కానీ ఈ లెన్స్ మా కుటుంబానికి చెందినదే. 1941లో సోవియట్ శాస్త్రవేత్త మాక్సుటోవ్ అద్దాన్నీ వంపు గాజునీ కలిపి ఒక పొట్టి టెలిస్కోపు డిజైన్ ఇచ్చాడు, తర్వాత అక్కడ తయారైన ఎంటీఓ ఫోటో లెన్సులు దాని మీద కట్టినవే. జపాన్ కంపెనీల డిజైన్లు వేరువేరుగా ఉన్నా సూత్రం అదే: వెలుతురు లోపలికొచ్చి వెనక అద్దానికి తగిలి ముందుకొస్తుంది, నల్ల బిళ్ల వెనకున్న చిన్న అద్దానికి తగిలి మళ్లీ వెనక్కి పోతుంది. దారి మడత పడింది కాబట్టి లెన్స్ పొట్టిది. అద్దం అన్ని రంగుల్నీ ఒకేలా తిప్పుతుంది కాబట్టి కొంగ తెల్ల ఈక అంచున ఊదా, ఆకుపచ్చ గీతలు దాదాపు రావు. ఆ రోజుల్లో అంత చవకలో, అంత తేలికలో ఇది దొరకడం మామూలు విషయం కాదు.

మజ్జిగలో ముంచినట్టు అన్నారు కదా, కొంత నిజంగానే దాని స్వభావం. మధ్యలో అడ్డం ఉండటం వల్ల సన్నటి గీతల వివరం అలాగే ఉంటుంది గానీ మధ్యరకం వివరాల కాంట్రాస్ట్ తగ్గుతుంది. అంటే సమాచారం పోలేదు, పాలిపోయింది అంతే. రా (RAW) ఫైల్‌లో, అంటే కెమెరా మార్పులు చెయ్యని ముడి ఫైల్‌లో తీసి హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) చూడండి, అంతా నడుమ గుంపుగా ఉంటుంది. నలుపు పాయింట్‌ని అది మొదలయ్యే చోటుకి జరపండి, డీహేజ్ (పొగమంచు తెర తీసే స్లైడర్) కొద్దిగా, షార్పెనింగ్ కొద్దిగా. సగం ప్రాణం అక్కడే తిరిగొస్తుంది.

వెనక ఫిల్టర్ సంగతి. అది లెన్స్ డిజైన్ లెక్కలో భాగమే, లేకుండా వాడొద్దనే అంటారు. కానీ మీ మసకకి కారణం అది కాదు. సమతలం గాజు పలక దాని మందంలో మూడో వంతు మేర ఫోకస్‌ని వెనక్కి జరుపుతుంది, తీసేస్తే అంత ముందుకొస్తుంది, రెండు మిల్లీమీటర్ల పలకైతే అర మిల్లీమీటరు పైచిలుకు. దూరంగా ఉన్న వాటికి ఫోకస్ అందకపోతే దాన్ని అనుమానించాలి. 30.5 ఎంఎం సైజు మామూలు యూవీ ఫిల్టర్ ఒకటి కొని బిగించండి, ఖర్చు పెద్దగా ఉండదు, దుమ్ము కూడా లోపలికి పోదు. రింగ్ అనంతం గుర్తు దాటి తిరుగుతోందని కంగారు పడకండి, ఎండకీ చలికీ లోపలి లోహం సాగుతుంది, ముడుచుకుంటుంది కాబట్టి అలా వదిలారు. గుర్తు దగ్గర ఆపి తీస్తే మాత్రం తప్పుతుంది, ప్రతిసారీ కంటితో చూసే పెట్టాలి. ఏసీ కార్లోంచి తీసిన వెంటనే కూడా తీయకండి, అరగంట బయట ఉంచండి, లేకపోతే గాజు మీద ఆవిరి పడుతుంది, ఫోకస్ కూడా జరుగుతూ ఉంటుంది.

లెన్స్ బాగుందో లేదో తేల్చుకోవడానికి డాబా ఎక్కండి. ట్రైపాడ్ మీద పెట్టి, బాగా పైనున్న ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని ఫ్రేమ్ మధ్యకి తెచ్చి మాగ్నిఫయర్‌లో చూస్తూ ఫోకస్ కొంచెం తప్పించండి. చుక్క ఉంగరమవుతుంది. ఉంగరం మందం చుట్టూ ఒకేలా ఉండి నల్ల చిల్లు సరిగ్గా నడుమ ఉంటే అద్దాలు వరుసలో ఉన్నట్టు. చిల్లు ఒక పక్కకి ఒరిగిపోతే, రింగ్‌ని ఇటు తిప్పినా అటు తిప్పినా ఒరుగుతుంటే అద్దం జరిగినట్టు. రెండు నిమిషాల పని. ఫంగస్ కోసం టార్చి ముందు నుంచి వేసి వెనక నుంచి చూడండి, సాలెగూడులా కనిపిస్తే ఫంగస్, నాలుగు దుమ్ము చుక్కలు కనిపిస్తే వాటి జోలికి పోకండి. అద్దం మీద గుడ్డ అస్సలు పెట్టకండి.

చేతిలో లెన్స్ ఉన్నందుకు చంద్రుణ్ణి కూడా తీయండి. 500 ఎంఎంకి చంద్రబింబం సెన్సర్ మీద నాలుగున్నర మిల్లీమీటర్లు పడుతుంది, మీ కెమెరాలో 1150 పిక్సెళ్ల పైన. పున్నమికి ఐఎస్ఓ 400, 1/400 దగ్గర మొదలుపెట్టండి, అర్ధచంద్రుడైతే ఇంకా వెలుతురు కావాలి కానీ గుంటల అంచులు అప్పుడే బాగుంటాయి.

ఇది మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. ఈ లెన్స్‌ని సూర్యుడి వైపు తిప్పొద్దు, గ్రహణం రోజైనా సరే. వెనక బిగించే ముదురు ఫిల్టర్ ఉంది కదా అని ఎవరైనా చెప్పినా వినొద్దు, వేడంతా పోగుపడేది అక్కడే, గాజు పగులుతుంది, సెన్సర్ పోతుంది, అద్దాల వ్యూఫైండర్ ఉన్న డీఎస్ఎల్ఆర్ అయితే కన్నే పోతుంది. సూర్యుడికి ముందు గాజు మొత్తం కప్పే సోలార్ ఫిల్మ్ ఒక్కటే దారి. మూత తీసి ఎండలో బల్ల మీద వదిలేయడం కూడా వద్దు.

ఎడిసన్ నుంచి:

ఇక్కడ న్యూజెర్సీలో మా ఫ్రెండ్ ఒకరు మినోల్టా ఏఎఫ్ 500 ఎఫ్/8 ఇచ్చారు, అది ఆటోఫోకస్ ఉన్న మిర్రర్ లెన్స్, 1989ది, తర్వాత సోనీ తన పేరుతో కూడా అమ్మింది. ఎల్ఏ-ఈఏ4 అడాప్టర్‌తో ఏ6400 మీద ఆటోఫోకస్ పనిచేస్తుంది, వెలుతురు బాగుంటేనే. కాకపోతే 4 మీటర్ల కంటే దగ్గరికి రాదు, తూనీగ గారి పని దీంతో కాదు. మిరపతోట గారూ, మీ దగ్గరున్నది వదలకండి. టామ్రాన్‌లో ఆ వెనక మౌంట్ ఊడొచ్చే రకం, అడాప్టాల్-2 అంటారు, రేపు వేరే కెమెరా కొన్నా ఆ ముక్క ఒక్కటి మార్చుకుంటే చాలు.

మిరపతోట, గుంటూరు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పది రోజులు ఆగి రాస్తున్నాను, చెప్పినవన్నీ చేసి చూసి రాద్దామని.

ముందు నక్షత్రం టెస్ట్. ఉంగరం గుండ్రంగా, చిల్లు నడుమ ఉంది. అది చూసిన తర్వాతే నాకు నిద్ర పట్టింది. టార్చి వేస్తే దుమ్ము ఉంది, సాలెగూడు లేదు. అడాప్టర్ లోపల పాతగాజు అన్న చెప్పినట్టే స్టీలు గ్లాసులా మెరుస్తోంది, వెల్వెట్ పేపర్ అతికించాను, తెల్ల మచ్చ దాదాపు పోయింది. యూవీ ఫిల్టర్ వచ్చింది, బిగించాను. చార్ట్ పేపర్ హుడ్ గాలికి ఊగుతోందని రబ్బర్ బ్యాండ్ వేశాను.

ఒక డౌట్ మాత్రం ఉంది. ట్రైపాడ్ మీద పెట్టి మాగ్నిఫయర్‌లో చూస్తే రింగ్ ముట్టుకోగానే బొమ్మంతా వణుకుతోంది, రెండు సెకన్లు ఆగితే గానీ తగ్గదు. ఇది మామూలేనా?

పాతగాజు, విజయవాడ:

మామూలే. ట్రైపాడ్ నడుమ గొట్టం పైకి లేపి ఉంటే దించెయ్యి, కాళ్లు సన్నవాటి వరకు లాగకు, కింద కొక్కేనికి కెమెరా సంచి తగిలించు, సంచి మాత్రం గాలికి ఊగకుండా నేలకి కాస్త ఆనుతూ ఉండాలి. రింగ్‌ని గుప్పిటతో కాకుండా రెండు వేళ్లతో కింద నుంచి తిప్పు.

మిరపతోట, గుంటూరు:

అన్నా, నిన్న ఆదివారం ఆరింటికల్లా ఉప్పలపాడు గట్టు మీద ఉన్నాను. ఇంకా మంచు తెర ఉంది, మొదటి అరగంట ఏమీ తీయలేదు, బ్యాక్‌గ్రౌండ్ వెతుక్కుంటూ గట్టు మీద అటూ ఇటూ నడిచాను. చెరువు పడమటి పక్క ఒక తుమ్మచెట్టు కొన మీద గూడు, దాని వెనక దూరంగా తాటిచెట్ల వరస, అంతకు మించి ఏం లేదు. ఎండ నా వీపు మీద పడుతోంది. కొమ్మ మీద ఫోకస్ పెట్టి, సంచి తగిలించి, ఐఎస్ఓ 2000, 1/1000 పెట్టుకుని కూర్చున్నాను. ఏడూ పదికి ఎర్రకాళ్ల కొంగ నోట పుల్లతో వచ్చి వాలింది. కన్ను మీదికి మాగ్నిఫయర్ తెచ్చాను, రింగ్ దాటించి వెనక్కి తెచ్చాను, తొమ్మిది ఫ్రేములు. ఏడు పోయాయి. ఒకటి పర్లేదు. ఒకటి ఉంది.

ఇంటికొచ్చి రా ఫైల్ తెరిస్తే మొదట మళ్లీ పాలిపోయి కనపడింది, మనసు చివుక్కుమంది. నలుపు పాయింట్ జరపగానే కొంగ బయటికొచ్చింది. కంటి చుట్టూ నారింజ రంగు చర్మం మీద ముడతలు, ముక్కు మొదట్లో ఎండిన బురద మరక, నోట్లో పుల్ల మీద బెరడు చీలిక. రెక్క చివర గులాబీ ఈకలు ఒకదాని మీద ఒకటి. వెనక తాటిచెట్లు మెత్తటి ఆకుపచ్చ మరకలయ్యాయి, గారెలు రెండే రెండు, కింద మూలన.

ఎనిమిదిన్నరకి మాగ్నిఫయర్‌లో కొంగ అంచులు కదలడం మొదలైంది, మీరు చెప్పింది కళ్లారా చూశాను, సర్దుకుని వచ్చేశాను. కాలనీరోడ్ గారూ, ఎగిరేవి నాలుగు ప్రయత్నించాను, మీరన్నదే నిజం, ఒక్కటీ పడలేదు. వచ్చే ఏడాదికి డబ్బు దాచుకుంటాను. తూనీగ అక్కా, తొలకరి పడగానే మా పొలం గట్టు మీద మీరు చెప్పినట్టు ప్రయత్నిస్తాను, అప్పుడు మళ్లీ డౌట్లు అడుగుతాను.

ఫోటో మావయ్యకి వాట్సాప్‌లో పెట్టాను. ఫోన్ చేసి, షట్టర్ ఎంత పెట్టావు, వెనక ఫిల్టర్ దొరికిందా, పుల్ల పట్టుకున్నది మగదా ఆడదా అని వరసగా అడిగాడు. పన్నెండు బై పద్దెనిమిది ప్రింటుకి ఇచ్చాను, శనివారం వస్తుంది. ఆదివారం పొద్దున తనే గుంటూరు వస్తానన్నాడు, ఐదింటికి బస్టాండుకి రమ్మన్నాడు, ఉప్పలపాడు వెళ్దామని.